నా పేరున మాల్యాద్రి కళ్ళు

నాకు కళ్ళు పోయినాయన్న సంగతి నాకు చెప్పింది జడ్సన్.

ఆ పూట నేను ఒడ్డున పాకలో కూర్చుని చినిగిన రొయ్యల వల కుడుతున్నాను. జడ్సన్ అంటే మా తమ్ముడు మాల్యాద్రి పడవలో రెండో మనిషి. నేరుగా వచ్చి నా చెయ్యి పట్టుకుని, చెవిటిదాన్ని పిలిచినట్టు పిలిచినాడు.

"అక్కా! నేను జడ్సన్‌ని! లెయ్యి, ఇంటికాడ దిగబెడతా. కాలవ కాడ జారతావు."

"చెయ్యి తియ్‌రా. పొద్దున్నే తాగినావా?"

"కోప్పడబాక అక్కా. కళ్ళు మందగిస్తే అందులో సిగ్గేముండాది? అందరికీ వచ్చేదే గదా."

"ఎవరికిరా మందగించింది? నీ చొక్కాకి పైగుండీ లేదు. దాని కింద గుండీని నీ పెళ్ళాం ఎర్రదారంతో కుట్టింది. మీసంలో మెతుకుండాది. అది నిన్నటిదో ఈపొద్దుదో కూడా చెప్పమంటావా?"

జడ్సన్ మీసం తుడుచుకున్నాడు. "మరి మాల్యాద్రన్నే గదా గట్టుమీద కూచోని ఫోన్‌ని అడగతా ఉండేది, మా అక్కకి చూపు పోతుండాది, ఏం చెయ్యాలా అని. అందరం విన్నాం. సూదిలోకి దారం కూడా ఎక్కించుకోలేకపోతుండావంట గదా."

నా చేతిలో సూది ఉంది, దారం ఉంది, అప్పుడే కుట్టిన వల ఒళ్ళో ఉంది. ఈ ఒడ్డున ఎవరి వల చినిగినా ముసలమ్మకి ఇచ్చి రమ్మంటారు. నేను కుట్టినచోట చినుగు ఎక్కడుండిందో ఆ వల నేసినవాడు కూడా పట్టుకోలేడు. అట్లాంటిదాన్ని పట్టుకుని సూదీ దారం మాట అన్నాడు నా తమ్ముడు.

నా పేరు నిజంగానే ముసలమ్మ. పుట్టినరోజే ముసలిదాన్ని చేసినారు మా వాళ్ళు, అందుకని ఇప్పుడు కొత్తగా ముసలితనం వచ్చిందంటే ఒప్పుకోను. ఈ తీరంలో ప్రతి ఊళ్ళోనూ ముసలమ్మలు ఉంటారు గనక నా పేరు దాచలేదు. మిగతా పేర్లు మార్చినాను. ఊరి పేరు రాయను. పులికాట్ నీళ్ళ ఒడ్డున, దొరవారిసత్రం నుంచి ఆటోలో రాగలిగిన ఊరు అనుకోండి, చాలు.

మాల్యాద్రి సంగతి చెప్పాలి. అమ్మ పోయేనాటికి వాడికి నడక రాలేదు. వాణ్ణి చంకనేసుకుని చేపల గంప నెత్తిన పెట్టుకుని తిరిగినాను. మూడో తరగతిలో బడి మానింది అందుకే. అందుకు వాడి మీద నాకేమీ కోపం లేదు, ఆ బడిలో మాత్రం ఏమంత గొప్పగా చెప్పినారు గనక. ఈ అక్షరాలు ఆ కాసిని రోజులవే. తప్పులుంటే చదివేవాళ్ళు దిద్దుకోండి.

పెద్దయినాక వాడొక సోకులరాయుడు. నీళ్ళమీదికి పోయేవాడు కూడా జేబులో దువ్వెన పెట్టుకుని పోతాడు. చేపలు మెచ్చుకోవాలి కాబోలు. చలికాలంలో ఎర్రకాళ్ళ పిట్టల్ని చూడ్డానికి పట్నం వాళ్ళు వస్తే, పడవలో కూర్చోబెట్టి తిప్పి, ఆ పిట్టల్ని మా తాతే మొదట మచ్చిక చేసినాడని చెప్పినాడు. వాళ్ళు నమ్మి తాతకి దణ్ణం పెట్టి పోయినారు. నోరు పెద్దది, చెయ్యి మాత్రం ఎవరిమీదా లేవదు. పెళ్ళాం విజయకుమారిని ఒక్క దెబ్బ కొట్టి ఎరగడు. బిడ్డలు లేరు. కొన్నేళ్ళుగా షుగరుంది. మాత్రలు వాడికి గుర్తొచ్చినప్పుడు వేసుకుంటాడు, గుర్తు రావడం తక్కువ.

బిడ్డలు లేరన్నానే, అసలు చిక్కు అక్కడుంది. మా ఊళ్ళో వలలు ఎక్కడబడితే అక్కడ వెయ్యడానికి లేదు. నీళ్ళలో గుంజలు పాతిన చోట్లుంటాయి. ఏ ఇంటివాళ్ళు ఏ చోట ఎప్పుడు వల కట్టాలన్నది ఏటా గంగమ్మ ముందర చీట్లు వేసి తేలుస్తారు. దాన్ని వంతు అంటారు. చీటీ తీసినవాడు పడవలో ఉండి తీరాలి. తన బదులు కూలిమనిషిని పంపిస్తే చెల్లదు. మగవాడు మంచాన పడితే కొడుకు పోతాడు. కొడుకు లేకపోతే ఆ ఇంటి వంతు పోయినట్టే, మళ్ళీ రాదు. ఎండుచేపలు అమ్ముకుంటా బతకాల్సిందే. మాల్యాద్రికి చూపు పోయిందని తెలిస్తే మరుసటి ఏడు చీట్లలో వాడి పేరుండదు.

అందుకే మా దగ్గర ఒక పద్ధతి ఉంది. నీళ్ళమీదికి పోయే మగవాడు జబ్బు మాట సొంత పేరున అనడు. అంటే అంటుకుంటుందని భయం, పదిమందీ వింటే వంతు పోతుందని ఇంకా పెద్ద భయం. ఇంట్లో పెద్దవాళ్ళెవరి పేరునో పెట్టి అడుగుతాడు. వెనక పద్మనాభయ్య అని ఒక నాటువైద్యుడు వచ్చేవాడు. "మా నాయనకి కడుపులో మంటండీ" అని ముప్పయ్యేళ్ళవాడు వస్తే, ఆ నాయన చచ్చిపోయి చాలా ఏళ్ళయిందని తెలిసి కూడా, "అట్లాగా, ఏదీ నీ నాలుక చూపించు, మీ నాయనది కూడా ఇట్లానే ఉంటాది" అనేవాడు. మందు వీడి చేతిలో పెట్టి, "మీ నాయన్ని కారం తగ్గించమను" అనేవాడు. వీడు తగ్గించేవాడు.

పద్మనాభయ్య పోయినాడు. ఇప్పుడు ఫోను వచ్చింది. ఎదురింటి సాయిలక్ష్మి డిగ్రీ చదువుతోంది, ఆ పిల్ల మాల్యాద్రి ఫోన్లో ఏఐ అనేది పెట్టింది. తెలుగులో అడిగితే తెలుగులో మాట్లాడుతుంది. వీడు దానికి అన్నీ చెప్పుకుంటాడు. దానికి చెవులున్నాయని తెలుసు గాని, గట్టుమీద కూర్చున్నవాళ్ళకి కూడా ఉన్నాయని వాడికి తోచలేదు.

నాకు ఏ జబ్బూ లేదని నాకు తెలుసు. మరి ఇది ఎవరి జబ్బు? వల పక్కన పెట్టేసి వాళ్ళింటికి పోయినాను. దడి దగ్గరికి వచ్చేసరికి లోపల వాడి గొంతు వినబడింది. నిలబడిపోయినాను. చాటునుంచి వినడం తప్పంటారు. నా పేరున మాట్లాడుకుంటుంటే వినడానికి నాకు ఎవరి సెలవూ అక్కర్లేదు.

"మా అక్కకి కంటిముందర నల్లగా దోమలు ఆడినట్టుంటాది. ఒక కంటికి తెర దిగినట్టుంటాది."

"మీ అక్కగారికి షుగరు ఉందా అండీ?" అని అడిగింది ఫోను. ఆడగొంతు, మెత్తగా ఉంది. పుట్టిన ఇన్నేళ్ళకి నన్ను గారూ అని అన్నది అదొక్కటే.

"ఉండాది."

"ఎప్పుడు ఎక్కువ ఇబ్బంది పడుతున్నారు?"

"తెల్లారుజామున. వెలుతురు చాలదు గదా. ఒక గుంజ రెండుగా కనబడతాది. పడవ దేన్ని చూసి తిప్పాల? ఎడమదా, కుడిదా? అది చెప్పు చాలు."

ఫోను ఇట్లా అన్నది: "ఏ గుంజ నిజమైనదో నేను చెప్పలేనండీ. చెబితే పడవలో ఉన్నవాళ్ళకి ప్రమాదం. ఇంకో మాట, తప్పుగా అనుకోకండి. అక్కగారి గురించి అన్నారు గాని, పడవ తిప్పే మనిషి మీరేమో అనిపిస్తోంది. మీరే అయితే నాతో చెప్పొచ్చు. ఎవరైనా సరే, షుగరున్నవాళ్ళకి ఇట్లా తెర దిగితే ఆలస్యం చెయ్యకూడదు. ఈరోజే కంటి ఆస్పత్రికి వెళ్ళాలి. అప్పటిదాకా పడవ నడపకూడదు."

మంచం కిర్రుమంది. "ఎవరే దీనికి చెప్పింది? విజయా! నువ్వేనా?"

"నేనేం చెప్పినా?" అని వంటింట్లోంచి విజయకుమారి అరిచింది. "నాకే చెప్పలేదు నువ్వు, దానికి నేనేం చెప్తా?"

నేను లోపలికి పోయినాను. "ఏరా, నాకు షుగరు ఎప్పుడొచ్చింది?"

వాడు నా గొంతు వచ్చిన వైపు తల తిప్పినాడు. నా వైపు కాదు, గొంతు వైపు. నేను వాకిట్లో ఉంటే వాడి చూపు తలుపు చెక్క మీదుంది.

"నీకొస్తే ఏం పోయింది అక్కా," అన్నాడు. "నువ్వేమన్నా నీళ్ళమీదికి పోతావా?"

"నా సూదిలో దారం సంగతేందిరా?"

"ఊరికే, నమ్మేదానికి ఏదో ఒకటి చెప్పాల గదా."

"నమ్మిందా మరి?"

వాడు ఫోన్ని తలగడ కింద తోసేసినాడు. విజయకుమారి గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి మొగుడి మొహం కొత్తగా చూస్తున్నట్టు చూసింది. "చీట్లు అయ్యేదాకా నోరెత్తబాకండి," అని మా ఇద్దరితో అన్నాడు వాడు. "అయినాక పోదాం నెల్లూరు." చీట్లయితే వంతు మొదలవుతుంది. వంతు మొదలైతే నెల్లూరు ఎవడు పోతాడు? వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

ఆ తర్వాత వాడు తెలివి మీరినాడు. పడవ మాట, గుంజల మాట ఎత్తడం మానేసినాడు. "మా అక్క మంచం దిగదు, ఇల్లు కదలదు. చుక్కల మందు ఏదన్నా చెప్పు" అనేవాడు. ఫోను పాపం నమ్మింది. అక్కగారి గదిలో వెలుతురు ఉండేటట్టు చూడండి, గడపకి తగలకుండా చెయ్యి పట్టుకుని నడిపించండి, ఆస్పత్రికి మాత్రం తప్పకుండా తీసుకెళ్ళండి అని చెప్పింది. "చూసినావా, లొంగింది" అని నా దగ్గర మురిసిపోయినాడు. మోసపోయింది ఎవరో అర్థం కాని మురిపెం. మాటల్లో పొసగనిది ఉంటే అది పట్టుకుంటుంది. పొసగని ముక్కలన్నీ ఏరి పారేసి అడిగితే అది మాత్రం ఏం చేస్తుంది? దానికి వాడి మొహం కనబడదు. తలుపు చెక్కని చూసిన ఆ చూపు నాకు కనబడింది.

వద్దన్నా పడవ తియ్యడం మానలేదు. ఒక తెల్లారుజామున పక్కింటివాళ్ళ గుంజల మీదికి పోనిచ్చినాడు. వాళ్ళ వల చినిగింది, పడవ ఒరిగింది, జడ్సన్ నీళ్ళలో పడి గుంజకీ పడవకీ మధ్య నలిగినాడు. ఇంకొంచెం అయితే ఛాతీ నుగ్గయ్యేది. ఒడ్డుకొచ్చి మాల్యాద్రి పదిమందిలో అన్న మాటేంది? "జడ్సన్ తిప్పినాడు పడవ. ముందర చూసుకోడు."

జడ్సన్ పక్కటెముకలకి గుడ్డ కట్టుకుని నా దగ్గరికి వచ్చినాడు. "అక్కా, నీ కళ్ళు చూపించుకునేదానికి ఎప్పుడు పోతుండావు?"

"నీకెందుకురా?"

"తొందరగా పో. నీ కళ్ళు ఇట్లానే ఉంటే నేను చస్తా." అని, నా మొహంలోకి చూడకుండా పోయినాడు.

ఆరోజు మధ్యాహ్నం మాల్యాద్రి నిద్రపోయినాక విజయకుమారి ఫోన్ని కొంగులో దాచి నా దగ్గరికి తెచ్చింది. "వదినా, నువ్వడుగు. నాకు నోరు రాదు."

నేనెప్పుడూ దాన్ని ముట్టుకోలేదు. కంటికి కనబడనిదాంతో మాట్లాడేది దేవుడితోనే, ఆయన కూడా బదులు చెప్పడు గనక మర్యాదగా ఉంటుంది. అయినా అడిగినాను. తమ్ముడికి కళ్ళు పోతున్నాయి అని అనబోయినాను, నాలుక తిరగలేదు. పద్ధతి నాకూ ఉంది గదా. వాడి పేరున ఆ మాట నేనెట్లా అంటాను?

"నాకు చూపు పోతుండాది," అన్నాను. "నన్ను నెల్లూరు తీసకపోవాల్సింది నా తమ్ముడు. వాడికీ షుగరే. వాడు మహా మొండోడు. డాక్టరు నన్నొక్కదాన్నే చూస్తాడా, పక్కనున్నోణ్ణి కూడా చూస్తాడా?"

"పక్కనున్నవాళ్ళని కూడా చూడమని అడగొచ్చమ్మా," అన్నది. "షుగరున్నవాళ్ళ కళ్ళు ఎట్లాగూ చూడాలి. లోపలికి వెళ్ళాక డాక్టరుతో మీరు విడిగా ఒక మాట చెప్పండి. ఆయన ఎవరి పేరున వచ్చారన్నది పెద్ద విషయం కాదు. రావడం ముఖ్యం. త్వరగా రావడం ఇంకా ముఖ్యం."

నేను చెప్పనిదంతా దానికి తెలిసింది. ఈసారి మాత్రం తెలిసినట్టు అనలేదు. వాడి విషయంలో మొహమ్మీద అడిగి తలగడ కింద పడింది. నా దగ్గర పద్మనాభయ్య మాదిరి కప్పినదాన్ని కప్పినట్టే ఉంచి మందు చేతిలో పెట్టింది. ఎట్లా తెలుసుకుందో నాకు తెలీదు. నాకు ధైర్యం రావాల్సింది పోయి భయమేసింది. ఇంత సులువుగా మనసులోది పట్టుకునేదాన్ని జేబుల్లో పెట్టుకుని తిరుగుతున్నారు గదా జనం! ఫోన్ని విజయకుమారికి ఇచ్చేసి, చెయ్యి కొంగుకి తుడుచుకున్నాను.

చీట్లరోజు వచ్చింది. గంగమ్మ ముందర ఊరి మగవాళ్ళంతా కూర్చున్నారు. ఊరిపెద్ద చిన్నబాబు, పేరుకే చిన్న, మధ్యలో పళ్ళెం పెట్టుకుని ఉన్నాడు. పళ్ళెం నిండా పసుపు రాసిన చీట్లు. మాల్యాద్రి తల దువ్వుకుని వచ్చి, విజయకుమారి గుసగుసగా దారి చెప్తుంటే పోయి, చెయ్యి పళ్ళెంలోకి సరిగ్గానే పెట్టి చీటీ తీసినాడు. మంచి చోటు పడింది. వాడి నవ్వు ఒడ్డంతా వినబడింది.

అప్పుడు నేను బయల్దేరినాను. చేతులు ముందుకు చాపి, గాలిని తడుముకుంటా, నేరుగా పోయి పళ్ళెంలో కాలు పెట్టినాను. చీట్లు చెల్లాచెదరు. చిన్నబాబు ఒళ్ళో పడబోయినంత పని చేసినాను. వాడి పొట్ట అడ్డం రాకుంటే పడిపోయేదాన్నే.

"అయ్యో, ముసలమ్మక్కా! నిజంగానే ఏమీ కనబడ్డంలేదా నీకు?"

"ఎవర్రా అది? చిన్నబాబా? గొంతు చూస్తే నువ్వే. ఏం కనబడతాది నాయనా, అంతా చీకటి." ఈ ముక్క అనేటప్పుడు నా ఒళ్ళు మండింది. ఎదురుగా చిన్నబాబు చెవిలో వెంట్రుకలు కూడా లెక్కపెట్టగలను నేను. నా చేత కుట్టించుకున్న వలలు పరుచుకుని కూర్చున్నవాళ్ళందరూ అయ్యో పాపం అన్నారు. ఆ అయ్యో పాపం ఇంకా నా చెవుల్లోంచి పోలేదు.

"మా తమ్ముడు నన్ను నెల్లూరు తీసకపోతానంటాడు, తీసకపోడు. రేపు వంతు మొదలైతే ఇంకేం తీసకపోతాడు? నేను ఇట్లానే నీళ్ళలో పడి పోతా."

చిన్నబాబు లేచినాడు. "ఏం మాల్యాద్రీ? తల్లి మాదిరి సాకింది గదరా నిన్ను! అక్కని గుడ్డిదాన్ని చేసి వంతుకి పోతావా? ముందర ఆస్పత్రి. నువ్వొచ్చేదాకా నీ చోట ఎవరూ వల కట్టరు. ఇది గంగమ్మ ముందర మాట."

మాల్యాద్రికి నేను చేసింది అర్థమైంది. పళ్ళు కొరికినాడు. ఇంతమందిలో ఏమని కాదంటాడు? అక్కకి బాగానే కనబడుతున్నదని చెబితే, మరి ఫోన్లో అన్ని రోజులూ అడిగింది ఎవరి కళ్ళ గురించి?

నెల్లూరు ఆస్పత్రిలో డాక్టరమ్మ ముందు నన్ను కూర్చోబెట్టి గోడమీద అక్షరాలు చదవమన్నది. అన్నీ చదివినాను, అడుగున చీమల్లాంటివి కూడా. ఆ అమ్మాయి అద్దాలు సర్దుకుని, "మీకేం లేదమ్మా, ఎందుకు వచ్చారు?" అన్నది.

"నన్ను వదిలెయ్యి తల్లీ. ఆ తలుపు కాడ నిలబడుండాడే, దువ్వెన పెట్టుకున్నాయన, ఆయన్ని చూడు."

మాల్యాద్రి పారిపోతాడేమో అనుకున్నాను. పారిపోలేదు. కుర్చీ ఎక్కడుందో చేత్తో వెతుక్కుని కూర్చున్నాడు. ఇంక నా పేరు ఎత్తలేదు. "నాకే," అన్నాడు. ఆ మాట సొంత పేరున వాడి నోటి వెంట వినడం అదే మొదలు, బహుశా అదే చివర.

ఎడమ కన్నులోపల నెత్తురు చిమ్మిందట, లోపలి పొర ఊడిపోయిందట. ఆపరేషన్ చేసినా చూపు వస్తుందని ఆశ పెట్టుకోవద్దన్నది డాక్టరమ్మ. మొదట తెర దిగినప్పుడే వచ్చి ఉంటే వేరే సంగతి అన్నది. కుడికన్ను ఇప్పుడిప్పుడే మొదలు. దానికి లేజర్ పెట్టినారు, మళ్ళీ మళ్ళీ రమ్మన్నారు. నిలుస్తుందా అంటే, షుగరు నిలిస్తే నిలుస్తుందన్నారు.

"నీళ్ళమీదికి పోవచ్చా అమ్మా?" అని అడిగినాడు.

"పడవ మీరు నడపకూడదు. ఇంకొకరు నడిపితే కూర్చుని వెళ్ళండి, అదీ కన్ను కుదురుకున్నాక."

బస్సు గూడూరు దాటినాక అన్నాడు: "నన్ను పదిమందిలో పట్టించినావు గదా అక్కా."

"పదిమందిలో గుడ్డిదాన్నయింది ఎవర్రా? నువ్వా, నేనా?"

"నువ్వే" అన్నాడు. నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

ఊళ్ళో దిగేసరికి జడ్సన్ నిలబడి ఉన్నాడు. మాల్యాద్రి వాడి ముందర తల వంచుకుని, "ఒరే జడ్సన్, అక్క సంగతి బాగలేదు. నా మనసు మనసులో లేదు. ఇంక మీదట పడవ నువ్వు తిప్పుతావా?" అన్నాడు. జడ్సన్ పక్కటెముకలు నిమురుకుంటా, "అక్కకి అట్లా అయితే మనసెట్లా ఉంటాదిలే అన్నా. నువ్వు కూచో, నేను తిప్పుతా. చీటీ నీదే గదా, పడవలో నువ్వుంటే చాలు" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. వాడు నన్ను చూసి నవ్వలేదు. ఆ మర్యాద వాడికి ఎవరు నేర్పినారో గాని, బాగా నేర్పినారు.

ఇప్పుడు నేను పాకలో కూర్చుని వల కుట్టడానికి లేదు. గుడ్డిది వల కుట్టడమేంది? ఇంట్లో తలుపేసుకుని కుడతాను. విజయకుమారి వాటిని తానే కుట్టినట్టు తీసుకుపోయి ఇస్తుంది. ఆడబిడ్డ చూపు పోయినా ఆ చెయ్యి మరదలికొచ్చిందే అని మెచ్చుకుంటున్నారట. పోయినా! ఆ కుట్టు ఎవరిదో చూస్తే తెలీదా? ఇంతకీ గుడ్డివాళ్ళెవరో నాకు అర్థం కావడం లేదు.

వచ్చే ఏడు మళ్ళీ చీట్లున్నాయి. అప్పటికి కుడికన్ను ఎట్లా ఉంటుందో, నేను ఉంటానో లేదో. విజయకుమారి రోజూ మాత్ర వాడి నోట్లో తానే వేస్తున్నది. ఫోన్ని వాడు ఇప్పుడు ఏమీ అడగడు. దానికి తెలుసు గదా అక్కా, అంటాడు.

రోజూ పొద్దున్నే మేమిద్దరం గట్టుమీద నడిచి పడవదాకా పోతాం. వాడు ముందర, వాడి భుజం మీద చెయ్యేసుకుని వెనక నేను. గుడ్డి అక్కని కళ్ళున్న తమ్ముడు నడిపిస్తున్నాడని ఊరంతా చూస్తుంది. నిన్న చిన్నబాబు ఎదురొచ్చి, "మాల్యాద్రీ, గట్టు తెగింది, అక్కని జాగ్రత్తగా నడిపించు" అన్నాడు.

"అట్లాగే అన్నా" అన్నాడు మాల్యాద్రి, వేరే ఎటో చూస్తా.

నేను వాడి కుడిభుజం గట్టిగా నొక్కి అటు జరిపినాను. తెగిన గట్టు ఎడమవైపుంది.